కోటమెట్ల నుంచి మంచుకొండలకు



మా ఖిలా వరంగల్‌లో రాతికోట గోడకు లోపలివైపు అంతా మెట్లే. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఆ గోడను ఆయన కూతురు రుద్రమదేవి పూర్తిచేయించింది. శత్రువు ఏ మూల నుంచి వచ్చినా కాపలావాడు ఉన్నచోటు నుంచే పైకి ఉరకాలి కదా! ఇప్పుడు మా వీధి ఇల్లాలొకావిడ తెల్లవారుజామున ఆ మెట్లే ఎక్కి దిగుతోంది. నలభై ఆరేళ్ళ మనిషి, హిమాలయాల్లో గైడు వెంట కొండయాత్రకు పేరిచ్చింది. ఇంట్లో సణుగుడు సరేసరి. “మనలాంటోళ్ళు ఎవరన్నా పోయిన్రా అక్కా?” అని అడిగింది నన్ను.

పోయారు. 1975 మే 16న ఎవరెస్టు ఎక్కిన మొదటి స్త్రీ, జపాన్‌కు చెందిన జుంకో తబేయి, అప్పటికి మూడేళ్ళ బిడ్డ తల్లి. విరాళం అడగబోతే, పిల్లల్ని పెంచుకోక ఇదేమిటన్నారట. ఆవిడ పియానో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టింది. పాత కర్టెన్లతో ప్యాంట్లు, కారు సీటు కవర్లతో తడవని తొడుగులు కుట్టుకుంది. మన ఇళ్ళల్లో పాత చీర బొంత అయినట్టే! శిఖరానికి పన్నెండు రోజుల ముందు మంచుచరియ గుడారాల మీద పడితే ఆవిడను బయటికి లాగారు. అయినా వెళ్ళింది. మన దేశం నుంచి బచేంద్రీ పాల్ 1984 మే 23న ఎక్కింది.

ఇక మన పిల్ల సంగతి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతుండగా ఎంపిక చేశారు. మొదటి బడి భువనగిరి కోట గుండు. మా ఏకశిల గుట్టలాగే అదీ ఒంటిరాయే. అక్కడ శేఖర్‌బాబు శిక్షణలో తాళ్ళ పని నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్‌లో మంచు, ఆ తర్వాత చలికాలపు లడఖ్‌లో చలి. ఎంత క్రమమో చూడండి: ముందు రాయి, తరువాత మంచు, ఆపైన చలి. పదహారేళ్ళు నిండనివారికి నేపాల్ అనుమతి ఇవ్వదు గనుక టిబెట్ వైపు నుంచి వెళ్ళారు. 2014 మే 25న, పద్నాలుగో ఏడు నిండకముందే, ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్‌తో పాటు శిఖరం చేరింది. దారిలో శవాలు చూసి భయపడ్డానని ఆ పిల్లే తర్వాత చెప్పింది. నాకు ఆ మాటే ఎక్కువ నచ్చింది.

ఎందుకంటారా? మనకు చెప్పే అలవాటు లేదు గనుక. తలనొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా “నాకేం కాలేదు” అంటూ వంట ముగిస్తాం. కొండ మీద ఆ మాట ప్రాణం తీస్తుంది. వరంగల్ మూడు వందల మీటర్ల ఎత్తు కూడా లేదు. అయిదున్నర వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగమే. మెట్లెక్కితే కాళ్ళకు బలం వస్తుంది గానీ, ఆ పలచని గాలి అలవాటు కావడానికి రోజులే మందు. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి. బలశాలి అయినా, పడుచువాడైనా ఇందులో మినహాయింపు లేదు. తలనొప్పి, వాంతి మొదలైతే పైకి పోవద్దు. నడక తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, అర్ధరాత్రయినా సరే కిందికి దించాల్సిందే. గైడుకు ఆ సంగతి తెలుసు, మీరు చెబితేనే!

డబ్బు కట్టేముందు అడగండి: ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటాం, ఆగే రోజులెన్ని, ఒకరు దిగాల్సివస్తే వెంట ఎవరు దిగుతారు? బి.పి., ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడండి. ఎత్తుకు పనికొచ్చే మాత్రలున్నాయి గానీ, పక్కింటావిడ చెప్పిందని మింగేవి కావు. రెండు మూడు నెలల ముందు నుంచీ వీపున సంచితో మెట్లెక్కండి, మొదట రెండు కిలోలు, తర్వాత నాలుగు, ఆరు. కొత్త బూట్లు ఇక్కడే అరగదీయండి. లోపల నూలుబట్ట వద్దు, చెమటకు తడిస్తే ఆరదు, ఉన్ని మంచిది. పైన నోటికి ఏదీ సయించదు, అయినా తినాలి. కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ చిన్న డబ్బాల్లో పెట్టుకోండి. గాజుసీసా మాత్రం వద్దు.