ఫోను మూల నుంచి వైఫై పెట్టె దాకా

మీ ఇంట్లో వైఫై పెట్టె ఎక్కడుందో ఒకసారి చూడండి. చాలా ఇళ్ళలో అది ముందుగదిలో, కిటికీ దగ్గరో టీవీ పక్కనో ఉంటుంది. వంటింట్లోకీ వెనక గదిలోకీ వచ్చేసరికి సిగ్నల్ సన్నబడిపోతుంది. వేగం చాలడం లేదని పెద్ద ప్లాను తీసుకుంటాం, కొత్త పెట్టె కొంటాం. దాన్నీ తీసుకెళ్ళి ఆ మూలలోనే పెడతాం. ఆ మూలకి పెద్ద చరిత్రే ఉంది.

మన దేశంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మొదలయ్యాయి. మధ్యతరగతి ఇళ్ళకి ఫోను చేరడానికి మరో నూరేళ్ళు పట్టింది. దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. వీధి స్తంభం నుంచి తీగ కిటికీ సందులోంచి ముందుగదిలోకి వచ్చి అక్కడే ఆగిపోయేది. కింద చిన్న బల్ల, దాని మీద లేసు గుడ్డ, కొన్ని ఇళ్ళలో డయలుకి తాళం. ఇంటికి అదొక గౌరవం. కానీ కోడలు పుట్టింటివాళ్ళతో మాట్లాడాలంటే ముందుగదిలో అందరి ఎదుటా నిలబడాలి. ఎలా ఉన్నావమ్మా అని తల్లి అడిగితే, బాగానే ఉన్నాను అనడం తప్ప ఇంకేం చెప్పగలదు? ఎస్టీడీ బూతులు వచ్చాక, రాత్రి చార్జీ తగ్గే వేళకి వెళ్ళి, గాజు తలుపు వేసుకుని మనసు విప్పి మాట్లాడుకున్న ఆడవాళ్ళు ఎందరో.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అది వచ్చిందీ ఫోను తీగ మీదే. మోడెం కీచుమని అరిచి నెట్ కలిసిందంటే ఇక ఫోను ఎంగేజే. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకి 256 కిలోబిట్లు వస్తే అది బ్రాడ్‌బ్యాండ్ కిందే లెక్క. 2023లో ఆ కనీస వేగాన్ని 2 మెగాబిట్లు చేశారు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైనప్పుడు కూడా పాత రాగి తీగే ఆధారం. కాబట్టి మోడెం ఫోను పక్కనే కూర్చుంది. వైఫై వచ్చాక దాని పెట్టె మోడెం పక్కన చేరింది. ఆ తర్వాత ఫైబర్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ తీగల్ని కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ఫైబర్‌కి పాత ఫోను తీగతో సంబంధమే లేదు. అయినా బిగించే అబ్బాయి ఎక్కడ పెట్టమంటారమ్మా అని అడిగితే మన వేలు ఆ మూలనే చూపిస్తుంది.

ఆఫీసు సామాను కథ ఇంకో దారిలో నడిచింది. 1874లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన టైపు మిషను, వాళ్ళ కుట్టు మిషన్ల విభాగంలో తయారైంది. అందుకే దాని మీద పూల బొమ్మలు ఉండేవి, కింద కుట్టు మిషనుకి ఉన్నట్టే కాలితో తొక్కే పెడలు ఉండేది. అలా ఇంటి సామాను పోలికతో పుట్టిన యంత్రం ఆఫీసులకి వెళ్ళి, ఎందరో ఆడవాళ్ళకి అక్కడ కుర్చీ వేయించింది. మన ఊళ్ళలోనూ టైపు లోయరు, హయ్యరు పాసై ఉద్యోగాల్లో చేరిన అక్కలు, పిన్నులు ఉన్నారు కదా. డెస్క్‌టాప్ కంప్యూటరు వచ్చినా దానితోపాటు ఒక బల్ల ఇంటికొచ్చేది. లాప్‌టాప్ ఆ బల్లని తీసేసింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక ఆఫీసే ఇంటికొచ్చింది. తలుపు వేసుకునే గది ఆయనకి, ఇంకో గది పిల్లల పాఠాలకి. ఉద్యోగం చేసే ఇల్లాలికి మాత్రం భోజనాల బల్ల, కుక్కరు కూతల మధ్య మాటిమాటికీ మ్యూట్ నొక్కుకోవడం.

అందుకే కొత్తవి కొనేముందు ఎవరు ఎక్కడ కూర్చుని పనిచేస్తున్నారో చూడాలి. పెట్టెని ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెడితే అన్ని గదులకీ అందుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటి దూరం వెళ్తాయి కానీ వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇంచుమించు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి, అది తిరుగుతున్నంతసేపూ వంటింటి పక్కన వీడియో కాల్ తడబడవచ్చు. రోజూ ఒకే చోట కూర్చునేవాళ్ళకి లాన్ వైరు లాగించడం అన్నిటికన్నా నమ్మకం.

ఇంకో సంగతి. పాత ఫోనుకి కరెంటు ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి తీగ వెంటే వచ్చేది, అందుకే ఇంట్లో కరెంటు పోయినా అది మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుగే, కరెంటు రాదు. కాబట్టి ఫైబర్ పెట్టెకీ వైఫై పెట్టెకీ కలిపి ఇన్వర్టరు లైనో చిన్న యూపీఎస్సో ఇప్పించుకోవాలి.

వీటన్నిటికన్నా ముందు ఇంట్లో పనిచేసే ఆడమనిషికి ఒక బల్ల, ఒక కుర్చీ, పక్కన ఒక ప్లగ్గు ఉన్నాయో లేదో చూడండి. అది పదివేల రౌటరు కన్నా ముందు కొనాల్సిన సామాను. అది ఎక్కడ వెయ్యాలో తేలాక, తీగ ఎక్కడిదాకా రావాలో దానంతటదే తేలుతుంది.