ఏడు మార్కుల దయ

1926 ఏప్రిల్ 26న పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026 నూరేళ్ళ పండుగ. కట్టమంచి రామలింగారెడ్డి గారిని, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని, బెజవాడ నుంచి వాల్తేరుకు సాగిన ప్రస్థానాన్ని ఈ సందర్భంలో అందరూ తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. అయితే ఏ విశ్వవిద్యాలయమైనా తెరిచిన తొలి ఏడాదే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఎవరు పాసు, ఎవరు ఫెయిలు, ఆ గీత ఎక్కడ గీయాలి, గీసే చేతికి ఆ హక్కు ఎలా వచ్చింది? భవనాలు తర్వాతైనా కట్టుకోవచ్చు. మొదటి పరీక్షా ఫలితాల జాబితా అంటించిన రోజే దాని న్యాయబుద్ధి లోకానికి తెలిసిపోతుంది.

ఈ చిక్కును మొదట పెద్ద ఎత్తున ఎదుర్కొన్నది చైనా. అక్కడ కొలువుల కోసం పెట్టిన రాజ పరీక్షలు పదమూడు వందల ఏళ్ళు నడిచి 1905లో ఆగిపోయాయి. సోంగ్ వంశపు రాజుల కాలానికే (960–1279) అభ్యర్థి పేరు కనిపించకుండా కాగితం అంటించేవారు. చేతిరాతను బట్టి గుర్తుపడతారేమోనని గుమాస్తాల చేత జవాబులన్నీ తిరగరాయించి, ఆ నకళ్ళనే పరీక్షకుల ముందు పెట్టేవారు. నేడు మన క్యాంపు ఆఫీసుల్లో జవాబు పత్రాలకు వేసే కోడింగు వెనక ఉన్నది ఆ ఆలోచనే.

ఐరోపాలో చాలాకాలం పరీక్షంటే లాటిన్‌లో నోటితో చేసే వాదమే. పద్ధెనిమిదో శతాబ్దంలో కేంబ్రిడ్జి గణిత పరీక్ష మెల్లగా కాగితం మీదికి వచ్చింది. ఆనర్సు పొందినవారిని మొదటివాడి నుంచి చివరివాడి దాకా వరుసగా నిలబెట్టి ప్రకటించేవారు. చివరివాడికి తోటి విద్యార్థులు కొయ్య గరిటె ఇచ్చేవారు. 1909తో ఆ వరుస ప్రకటన ఆగిపోయింది. అమెరికాలో యేల్ కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ 1785లో 58 మందిని పరీక్షించి 20, 16, 12, 10 మంది చొప్పున నాలుగు లాటిన్ పేర్ల కింద విడగొట్టినట్టు తన డైరీలో రాసుకున్నాడు. 1836లో లండన్ విశ్వవిద్యాలయం వచ్చింది. అప్పట్లో అది పాఠం చెప్పేది కాదు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది. మనదేశానికి దిగుమతి అయిన నమూనా ఇదే.

1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యాపత్రం భారతదేశంలో విశ్వవిద్యాలయాలు లండన్ తీరులో ఉండాలంది. మామూలు పట్టాకు పెట్టే ప్రమాణం గౌరవం తెచ్చేదిగా ఉండాలి, యోగ్యుడైన విద్యార్థి గుండె జారిపోయేలా మాత్రం ఉండకూడదు అని కూడా సలహా ఇచ్చింది. చదవడానికి చక్కని మాట. దాన్ని అంకెల్లో పెట్టవలసిన బాధ్యత కలకత్తా మీద పడింది.

1857 జనవరి 24న కలకత్తా విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది. మార్చిలో మొదటి ఎంట్రన్సు పరీక్షకు 244 మంది కూర్చున్నారు. అదే నెలాఖరున, ఊరికి కాస్త దూరంలోని బారక్‌పూర్ దండులో మంగళ్ పాండే తుపాకి ఎత్తాడు. దేశం అంటుకుంటున్న ఆ నెలలోనే 162 మంది ఎంట్రన్సు గట్టెక్కారు. మొదటి తరగతిలో నెగ్గినవారిలో కాంటాల్‌పాడా కుర్రవాడు బంకించంద్ర ఛటోపాధ్యాయ ఒకడు. హుగ్లీ కాలేజీలో చదివి, ప్రెసిడెన్సీ కాలేజీలో న్యాయశాస్త్రం చదువుతున్నాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మొట్టమొదటి బి.ఎ. పరీక్ష పెట్టారు. అభ్యర్థులు 13 మంది. పాఠ్యప్రణాళిక కొత్తది. ముందు ఏళ్ళ ప్రశ్నపత్రాలు లేవు, ఏ ప్రశ్నకు ఎంత రాస్తే చాలునో చెప్పే సీనియర్లు లేరు. బంకిం ఎంట్రన్సుకూ దీనికీ మధ్య గడిచింది ఏడాది పైచిలుకు మాత్రమే. ఆరు విషయాలున్నాయి, ప్రతిదానిలోనూ విడివిడిగా నెగ్గాలి. ఒకదానిలో మిగిలిన మార్కులు మరోదాని లోటుకు అక్కరకు రావు.

పేపర్లు దిద్దడం అయింది. నియమం ప్రకారం చూస్తే ఒక్కడూ పాసు కాలేదు.

బల్ల చుట్టూ కూర్చున్న పరీక్షకుల ఇరకాటం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంటుంది. సున్నా అని ప్రకటిస్తే విశ్వవిద్యాలయం పుట్టిన మరుసటి ఏడాదే నవ్వులపాలవుతుంది, ఇక పరీక్షకు ఎవరు వస్తారు? గీత కిందికి దించితే ఇచ్చిన పట్టాకు విలువ ఏముంటుంది? వుడ్ పత్రం కోరిన రెండు వైపులూ ఒకదాన్నొకటి లాగుతున్నాయి.

వాళ్ళు చేసిన పని ఇది. ఆరింటిలో అయిదు విషయాల్లో మెచ్చదగ్గట్టుగా నెగ్గి, ఆరోదానిలో ఏడు మార్కులకు మించకుండా తప్పినవారికి ప్రత్యేక దయగా పట్టా ఇవ్వవచ్చు, అయితే రెండో తరగతిలోనే అని పరీక్షకులు సిఫారసు చేశారు. సిండికేటు ఒప్పుకుంది. రాబోయే ఏళ్ళలో దీన్ని ఎవరూ ఆనవాయితీగా చూపించకూడదన్న షరతు కూడా రాసిపెట్టింది. ఆ కొలతకు సరిపోయినవారు ఇద్దరు: బంకించంద్ర ఛటోపాధ్యాయ, జదునాథ్ బోస్. కలకత్తా విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రులు వాళ్ళే.

ఈ తీర్మానం అంటే నాకు ఎంతో ఇష్టం. పరీక్షల చరిత్రలో ఇంత నిజాయితీ గల కాగితం అరుదు. వచ్చిన మార్కులను దిద్ది పెంచలేదు. పొందిన మార్కు పొందినట్టే ఉంది, దయ దయగానే నమోదైంది. ఏ షరతు మీద ఇచ్చారో కూడా రాశారు. దయ పొందినవారిని మొదటి తరగతిలోకి ఎక్కించలేదు. ఎందుకిచ్చారో, ఎంతిచ్చారో నూట అరవై ఏళ్ళు దాటినా మనం చదువుకోగలుగుతున్నాం.

లోపం కూడా అంతే స్పష్టంగా ఉంది. ఆ షరతు పరీక్షకు ముందు లేదు, ఫలితాలు చూశాక పుట్టింది. ఏడే ఎందుకు, తొమ్మిది ఎందుకు కాదు అని మిగిలినవారిలో ఒకడు అడిగి ఉంటే చెప్పడానికి జవాబు లేదు. మంచి మనసుతో చేసినా, ఆట ముగిశాక గీసిన గీత అది. ఆనవాయితీ కాకూడదని రాసుకున్న ఆ దయ ఒక్క ఏడాదితో ఆగలేదు. గ్రేస్ మార్కులనే పేరుతో ఈ దేశంలో అది ఇప్పటికీ నడుస్తోంది. నన్నడిగితే ఆగకపోవడమే మంచిదయింది. కావలసింది దయను తీసేయడం కాదు, దాన్ని ముందే రాసి అందరికీ వర్తింపజేయడం.

బంకిం ఆ ఆగస్టులోనే జెస్సోర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా చేరాడు. 1865లో ‘దుర్గేశనందిని’, 1882లో వందేమాతరం ఉన్న ‘ఆనందమఠ్’ పుస్తకాలుగా వచ్చాయి. ఆ దయ చూపకపోయినా ఆయన రాసేవాడే. కానీ పట్టా లేని బంకిం కొలువూ జీవితమూ వేరుగా ఉండేవి. గీతకు ఇవతలా అవతలా మనిషి బతుకు మారుతుంది కాబట్టే ఆ గీతను తేలిగ్గా గీయకూడదు.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857 సెప్టెంబరు 5న పుట్టింది. కోస్తా విద్యార్థులు ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా దాని పరీక్షలే రాశారు. అక్కడా తొలి పట్టభద్రులు ఇద్దరే, జాఫ్నా నుంచి వచ్చిన దామోదరం పిళ్ళై, విశ్వనాథ పిళ్ళై. బొంబాయిలో 1862లో రానడే, భండార్కర్, వాగ్లే, మోదక్ నలుగురూ నెగ్గారు. గీత ఎక్కడుందన్నది ఒక సంగతి, దాని దగ్గరికి ఎవరిని రానిచ్చారన్నది మరొకటి. 1876లో చంద్రముఖి బసు ఎంట్రన్సు రాసింది. ప్రమాణానికి తగ్గట్టే రాసిందని పరీక్షకులు చెప్పినా, ఉత్తీర్ణుల జాబితాలో ఆమె పేరు వేయలేదు. ఆడపిల్లలకు కలకత్తా తలుపు తెరిచాక, 1883లో ఆమె, కాదంబిని అనే మరో అమ్మాయి కలిసి బి.ఎ. పట్టభద్రులయ్యారు. వాళ్ళకు కావలసింది ఏ దయా కాదు, మగపిల్లలకున్న జాబితాలో చోటు.

ఇంతవరకూ అందరూ గీత గురించే ఆలోచించారు. కొలిచే కర్ర నిలకడగా ఉందా అని అడిగినవాడు ఎడ్జ్‌వర్త్ అనే గణాంక శాస్త్రవేత్త. 1890 ప్రాంతాల్లో ఒకే లాటిన్ రచనను 28 మంది పరీక్షకుల చేత దిద్దించి చూస్తే మార్కులు 45 నుంచి 100 దాకా పడ్డాయి. 1935లో ఫిలిప్ హార్టాగ్, రోడ్స్ మరో అడుగు ముందుకు వేశారు. అంతకుముందు ఒకే మార్కు పొందిన 15 చరిత్ర జవాబు పత్రాలను దిద్దించి, ఏడాది పైన గడిచాక అవే పత్రాలను అదే మనుషుల చేత మళ్ళీ దిద్దించారు. రెండోసారి కూర్చున్న 14 మంది ఇచ్చిన 210 తీర్పుల్లో 92 మారిపోయాయి. మనిషి తనతో తానే ఏకీభవించలేదు. ఈ హార్టాగ్ మనకు పరాయివాడు కాదు. కలకత్తా విశ్వవిద్యాలయాన్ని పరిశీలించిన శాడ్లర్ సంఘంలో సభ్యుడు, 1921లో తెరిచిన ఢాకా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్‌ఛాన్సలర్. కొత్త విశ్వవిద్యాలయాన్ని చేతులారా నడిపినవాడే మార్కును అనుమానించాడంటే ఆ మాటకు బరువుంది.

మన రాధాకృష్ణన్ గారిదీ అలాంటి అనుభవమే. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపి, 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఒకే ఒక సంస్కరణ సూచించమంటే అది పరీక్షలదే అని ఆ సంఘం తేల్చి చెప్పింది.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవలేదు. సెమిస్టర్లు వచ్చాయి, ఇంటర్నల్స్ వచ్చాయి. ఐఐటీలు అక్షరాల గ్రేడ్లకు వెళ్ళాయి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో కొన్నేళ్ళు జీపీఏ నడిచి మళ్ళీ మార్కులు వచ్చాయి. యూజీసీ పది పాయింట్ల కొలమానం ఇచ్చింది, ‘ఓ’ అంటే పది, ‘పి’ అంటే నాలుగు. కానీ ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఇంకా శాతమే అడుగుతున్నారు. 8 సీజీపీఏను ఒకప్పటి సీబీఎస్‌ఈ లెక్కన 9.5తో గుణిస్తే 76 వస్తుంది, 0.75 తీసేసి పదితో గుణించే లెక్కలో 72.5 వస్తుంది. ఒకే పిల్లవాడు, రెండు విలువలు. అటు ప్రిన్స్‌టన్‌లో ‘ఎ’ గ్రేడ్లు 35 శాతం మించకూడదని 2004లో పెట్టిన పరిమితిని పదేళ్ళకే ఎత్తేశారు. వాటా పెడితే పక్కవాడు ఓడితేనే నేను గెలుస్తాను, పెట్టకపోతే గ్రేడ్లు పైకి పాకుతాయి. ఈ పీటముడి ఇంకా విడలేదు.

అందుకే రేపు తెరిచే ఏ విశ్వవిద్యాలయమైనా పది పాయింట్లా, వంద మార్కులా అన్న చర్చతో మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. కొలమానం ఏదైనా కొన్ని మాటలు మాత్రం తొలి ప్రవేశానికి ముందే అచ్చులో ఉండాలి. పేరు కనబడకుండా దిద్దాలి. పాసు గీతకు దగ్గరగా వచ్చిన ప్రతి పేపరునూ, విద్యార్థి అడగకుండానే, రీవాల్యుయేషన్ ఫీజు కట్టించుకోకుండానే, రెండో మనిషి చూడాలి. దిద్దిన పేపరు విద్యార్థికి చూపించాలి. గ్రేస్ ఎన్ని మార్కులో, ఎవరికో, ఏ షరతు మీదో పరీక్షకు ముందే చెప్పాలి, ఇచ్చాక ఎంతమందికి ఇచ్చారో ప్రకటించాలి. గ్రేడును శాతంగా మార్చే సూత్రం పట్టా వెనకే అచ్చువేయాలి.

1858లో కలకత్తా పెద్దలకు ముందు నడిచినవారి అనుభవం లేదు, ఫలితాలు చూశాక గీత గీశారు. మనకు నూట అరవై ఏళ్ళకు పైబడిన అనుభవం ఉంది. ఇంకా ఫలితాలు వచ్చాకే గీతలు గీస్తుంటే ఆ తప్పు పూర్తిగా మనదే అవుతుంది.