వాలిన ఇరుసు – గోల్ఫు దెబ్బలో వెన్నెముక, భుజాలు

మా ముప్పాళ్ళ ప్రాంతపు పిల్లలు గోల్ఫు మైదానం చూసి ఉండరు. అయినా గోటీబిళ్ళ ఆడినవారికి ఆ ఆటలోని మొదటి పాఠం కొంత తెలిసినట్లే. పిల్లవాడు ముందుకు వంగి బిళ్ళకొసను తట్టి లేపుతాడు. లేచిన బిళ్ళను భుజాలు త్రిప్పి కొడతాడు. వంగిన నడుము ఆ మధ్యలో నిటారుగా లేచిందా, కర్ర గాలిని కొట్టి ఊరుకుంటుంది.

గోల్ఫులో బంతి నేలమీద కదలకుండా ఉంటుంది. ఆటగాడు తుంటి దగ్గర వంగి నిలబడతాడు. వంగిన వెన్నెముక ఇరుసు వంటిది. భుజాలు దానికి లంబంగా తిరగాలి. వాలి తిరుగుతున్న బొంగరాన్ని తలచుకోండి. ములుకు వాలినప్పుడు బొంగరపు అంచు ఒకవైపు దిగుతుంది, రెండవవైపు లేస్తుంది. అట్లాగే కుడిచేతి ఆటగాడు కర్రను వెనుకకు ఎత్తేటప్పుడు అతని ఎడమ భుజం బంతివైపు దిగుతుంది. కొత్తగా నేర్చుకునేవాడు భుజాలను నేలకు సమాంతరంగా త్రిప్పబోతాడు. అందుకు వెన్ను నిటారు కావలసి వస్తుంది. తప్పు అక్కడే మొదలవుతుంది.

ఇది కంటితో తేల్చగలిగిన విషయం కాదు. కర్ర పైనుంచి బంతిదాకా దిగడానికి సుమారు పావు సెకను చాలు. అందుచేత చాలాకాలం ఎవరి వాదన వారిదిగా సాగింది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ 1938లో డెన్స్‌మోర్ షూట్ అనే ఆటగాని దెబ్బను, వెంటవెంట మెరిసే దీపాల వెలుగులో, ఒకే ఛాయాచిత్రంలో పట్టినాడు. కర్ర నడిచిన దారి అంతా విసనకర్రలాగా విచ్చుకొని కనిపించింది.

1957లో ప్రసిద్ధ ఆటగాడు బెన్ హోగన్ తన పాఠాల పుస్తకంలో ఒక చక్కని ఊహ చెప్పినాడు. బంతి నుంచి ఆటగాని భుజాలమీదికి ఒక పెద్ద గాజుపలక వాల్చి ఉన్నదనుకోవాలి. కర్రను ఎత్తేటప్పుడు చేతులు ఆ పలకను పగలగొట్టకూడదు. ఈ గాజుపలక లోకమంతా ప్రచారమైనది. దానితోపాటు ఆయన చెప్పిన రెండవ మాట అంతగా ప్రచారం కాలేదు. పలక వాలు అందరికీ ఒకటి కాదు. మనిషి ఎత్తునుబట్టి, బంతికి అతడు నిలిచే దూరాన్నిబట్టి అది మారుతుంది. నా ఉద్దేశంలో ఈ రెండవ మాటే గొప్పది.

ఉన్నత పాఠశాల త్రికోణమితితో దీనిని కొంత పరీక్షించవచ్చు. తుంటి నుంచి మెడ మొదలుదాకా 50 సెం.మీ. అనుకుందాం. నిట్టనిలువు గీత నుంచి వెన్ను 40 డిగ్రీలు వాలినప్పుడు మెడ మొదలు తుంటికన్న 50 కొసైన్ 40, అనగా 38.3 సెం.మీ. ఎత్తున ఉంటుంది. 35 డిగ్రీలే వాలితే ఆ ఎత్తు 41 సెం.మీ. అయిదు డిగ్రీల తేడాకు భుజాలు 2.7 సెం.మీ. లేచినవి. గోల్ఫు బంతి వ్యాసం 4.27 సెం.మీ.; అందులో సగం 2.13. తుంటి, చేతులు ఆ లోటును సవరించకపోతే కర్ర అంచు బంతి నడుముకు పైగా పోతుంది. బంతి నేలమీద దొర్లుతుంది. లేదా అసలు కదలదు. 40 డిగ్రీలు మంచిదా, 35 మంచిదా అన్నది ఈ లెక్క చెప్పదు. ఎంచుకున్న వాలును దెబ్బ తగిలేదాకా నిలుపుకోవాలని మాత్రం చెబుతుంది.

1968లో బ్రిటనులో కాక్రన్, స్టాబ్స్ అనేవారు ప్రకటించిన గ్రంథం ఈ దెబ్బను రెండు లోలకాల జంటగా విశ్లేషించింది. చేతులు ఒక లోలకం, కర్ర మరొకటి. రెండింటికీ మూలమైన కేంద్రం రొమ్ము పైభాగంలో, భుజాల నడుమ ఉన్నది. చర్నాకోల పిడి నెమ్మదించగానే కొస ఝళిపించినట్లు, చేతుల వేగం కర్రకు చేరుతుంది.

ఇక తెలుగువారికి దగ్గరి సంగతి. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన దంపతులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన తీగల సాహిత్‌కు వెన్నెముక కొంత ప్రక్కకు వంగే స్కోలియోసిస్ ఉన్నది. పాఠ్యపుస్తకంలోని బొమ్మకు అతని ఊపు సరిపోదు. దెబ్బవేళ నడుము ప్రక్కకు బాగా వంగుతుంది. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా 2020లో అతడు పొందిన బహుమానాలలో ఒకటి, గాజుపలక ఊహించిన ఆ బెన్ హోగన్ పేర ఇచ్చేది! 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపాలో జరిగిన పోటీలో 21 దెబ్బలు తగ్గించి, వృత్తి ఆటగాళ్ళ పెద్ద పోటీలలో తొలి విజయం సాధించినాడు. వంకర ఉన్న ఇరుసును కూడా ప్రతిసారీ ఒకే తీరున నిలుపుకోగలిగితే కర్ర బంతిని చేరుతుందన్నమాట.

ఉపాధ్యాయులకు ఈ వంకర కొత్త కాదు. కౌమారంలోని పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది ఉంటుంది. ఒక భుజం ఎత్తుగా కనబడగానే "తిన్నగా నిలబడరా" అని కసరడం మన బళ్ళలో మామూలు. వాడు తిన్నగానే నిలబడి ఉండవచ్చు! 1865లో లండను వైద్యుడు విలియం ఆడమ్స్ సూచించిన పరీక్షకు పరికరం అక్కరలేదు. పిల్లవాడు పాదాలు చేర్చి, మోకాళ్ళు వంచకుండా, చేతులు వ్రేలాడవేసి నడుము దగ్గర ముందుకు వంగాలి. వెనుకనుంచి చూస్తే వీపులో ఒక ప్రక్క ప్రక్కటెముకలు రెండవ ప్రక్కకన్న ఎత్తుగా లేచి కనిపిస్తే వైద్యునికి చూపించాలి. ఎదిగే వయసులోనే వంకర త్వరగా పెరుగుతుంది. పట్టీతో దానిని అదుపు చేయగలిగేది కూడా ఆ వయసులోనే.