మన రోడ్ల చరిత్ర – 7: మీ యజమాని ఎవరు?



పోయిన భాగం చదివి నూజివీడులో డిగ్రీ చదివే తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, ఆర్టీసీ వాళ్ళ జీతాలు యూనియన్ అడిగితే పెరుగుతాయి. మామిడికాయల లారీ ఎత్తేవాళ్ళ కూలి ఎందుకు పెరగదు? ఇద్దరిదీ రోడ్డు పనే కదా?"

ఈ ప్రశ్న మా ఇంట్లో పుట్టిందే. మా పెదనాన్న ఆర్టీసీ కండక్టరు. మా నాన్న ముఠా కూలీ. ఒకే పల్లె, ఒకే గోడకి అటూ ఇటూ కాపురాలు. పెదనాన్నకి నెల జీతం, కరువు భత్యం, పీఎఫ్. నాన్నకి మామిడి సీజన్లో పెట్టెకింత అని కూలి. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ అయిపోతే మళ్ళీ పొలం పనే.

ముందు 1938కి వెళ్దాం. ఆ ఫిబ్రవరిలో మన్మాడులో జీఐపీ రైల్వేలో పనిచేసే అణగారిన కులాల కార్మికుల సభ జరిగింది. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడి శత్రువులని బాబాసాహెబ్ చెప్పింది అక్కడే. ఈ మాట అందరం పోస్టర్ల మీద వేస్తాం. అదే ఉపన్యాసంలో ఆయన చెప్పిన చిన్న లెక్క మాత్రం వేయం. అంటరానివాడు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గానే ముసలివాడవుతాడు, పోర్టరుగా కూడా తీసుకోరు. ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో కూడా పని చేయాలి. ఇంట్లోకి రానివ్వని మనిషికి ఆ ఉద్యోగం ఎలా ఇస్తారు? కూలి రేటు కంటే ముందు, ఎవరికి ఏ పని అన్నది కులం తేల్చేసింది.

1942 నుంచి 46 దాకా ఆయనే వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. కనీస వేతనాల బిల్లు పెట్టింది 1946లో. అది చట్టమైంది 1948లో, అప్పుడు కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. ఆ చట్టం షెడ్యూలు తీసి చూడండి. ప్రజా మోటారు రవాణా ఉంది, తోళ్ళ పరిశ్రమ ఉంది, రాళ్ళు కొట్టే పని ఉంది, రెండో భాగంలో వ్యవసాయం ఉంది. మా పల్లె మొత్తం ఆ కాగితంలో ఉంది. అయిదేళ్ళకు మించకుండా రేట్లు సమీక్షించాలని కూడా రాశారు.

ఇక మన జిల్లా సంగతి. 2022 దాకా నూజివీడు కృష్ణా జిల్లాలోనే ఉండేది కదా. 1950లలో ఇక్కడ బస్సులన్నీ ప్రైవేటు ఆసాములవి. 1958 జనవరిలో ఆర్టీసీ పుట్టింది. కృష్ణా జిల్లా రూట్లు తీసుకుంటామనే సరికి ఓనర్లు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. లా చదివే వాళ్ళకి గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు తెలిసే ఉంటుంది. అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయం చేసింది ఇంకొకరు, ఇది సహజ న్యాయం కాదని 1958 నవంబరులో కోర్టు ఆ స్కీము కొట్టేసింది. మరుసటి ఏడాది రెండో విడతలో ప్రభుత్వం గెలిచింది. దేశమంతా క్లాసుల్లో చెప్పుకునే ఆ సూత్రం మన జిల్లా బస్సు ఓనర్ల వల్ల వచ్చింది! వాళ్ళ రూటు పోతుందంటే వాళ్ళ మాట వినడానికి అంత పెద్ద కోర్టు ఉంది. ఆ బస్సుల టాపు మీద మూటలు ఎక్కించిన మనిషి మాట ఎవరు విన్నారని ఆ తీర్పులో వెతక్కండి.

నేను ఆర్టీసీని నెత్తిన పెట్టుకునేది అందుకే. ప్రభుత్వ సంస్థ కాబట్టి రిజర్వేషన్ వచ్చింది. మా పెదనాన్న చేతికి టికెట్ల మిషను వచ్చింది. చిల్లర అరచేతికి తగలకుండా పైనుంచి వదిలే ప్రయాణికులు ఉండేవారట. ఆయన మాత్రం టికెట్టు వాళ్ళ చేతిలోనే పెట్టేవాడు.

జీతం పెరగడానికి ఆయనకి దారి ఉండేది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం కింద యూనియన్ డిమాండు నోటీసు ఇచ్చేది. కన్సిలియేషన్లో 12(3) కింద ఒప్పందం కుదిరితే అది అందరికీ వర్తించేది. కుదరకపోతే, ప్రభుత్వం రిఫర్ చేస్తే, ట్రిబ్యునల్ అవార్డు ఇచ్చేది. ఆ 'రిఫర్ చేస్తే' దగ్గరే ఆట అంతా. కార్మికులు నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్ళి జీతం పెంచమని అడగలేకపోయేవారు. అందుకే చివరికి సమ్మే. 2015 మే 6న బస్సులు ఆగాయి, 13న ఆంధ్రలో 43 శాతం, తెలంగాణలో 44 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది. 2020 జనవరి నుంచి ఆంధ్ర ఆర్టీసీ వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులు. అద్దె బస్సు డ్రైవరు మాత్రం ఆ లెక్కలో లేడు, అది ఇంకో రోజు రాస్తాను.

మరి నాన్న? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం నిర్వచనం చదవండి. డ్రైవరు, కండక్టరు, క్లీనరే కాదు, బండికి సరుకు ఎత్తడం, దించడం పనిలో పెట్టుకున్నవాడూ మోటారు కార్మికుడే. నేరుగా పెట్టుకున్నా, ఏజెంటు ద్వారా పెట్టుకున్నా సరే. ఎనిమిది గంటల పని, ఓవర్‌టైముకి రెట్టింపు. చట్టం మాత్రం అయిదుగురు కార్మికులున్న సంస్థకే తప్పనిసరిగా ఉండేది.

నేను ఇంటర్లో ఉండగా నాన్న వాళ్ళ ముఠా అర్జీ పెట్టింది. రాసింది నేనే. పద్దెనిమిది మంది, అందులో పదకొండు వేలిముద్రలు. ఆఫీసులో ఆయన అర్జీ పూర్తిగా చదివి ఒక్కటే అడిగాడు.

"మీ యజమాని ఎవరయ్యా?"

మా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తోట రైతుదా? కాయ కొన్న షావుకారుదా? లారీ కుదిర్చిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసుదా? రెండు లారీలున్న ఓనరుదా? డబ్బులిచ్చేది మేస్త్రి, మేస్త్రి కూడా మాతో పాటు మూట మోసేవాడే. మేస్త్రి పేరు రాయమంటే రాయలేదు, మా బాబాయే మరి.

అర్జీ అక్కడే ఉండిపోయింది. అదే వారం ఢిల్లీ వెళ్ళాల్సిన లారీకి ముఠా ఎత్తనంది. కోసిన కాయ ఎండకి ఎంతసేపు ఆగుతుంది? అర్ధరాత్రి దాటాక షావుకారు మనిషి మోటారు సైకిల్ మీద మా పల్లెకి వచ్చాడు. పెట్టెకి రూపాయి పెంచారు. కాగితం మీద కాదు, నోటి మాట. మరుసటి సీజన్లో ఆ రూపాయి సంగతి మాకు గుర్తుంది, వాళ్ళకి లేదు.

తమ్ముడూ, నువ్వడిగినదానికి నాకు తెలిసిన జవాబు ఇది. ఈ సీజన్లో నువ్వు ఒక పని చెయ్. మీ వూరి దగ్గర లోడింగు జరిగే చోటికి వెళ్ళి లారీ బిల్టీ మీద ఎవరి పేరుందో, ముఠాకి డబ్బు ఎవరి చేతి నుంచి వస్తుందో రాసుకో. తేదీలతో సహా. వేలిముద్రలు తర్వాత వేయిద్దాం.