ఒక్క లారీ ఓనరూ, బీమా క్లెయిమూ

మన దేశంలో రోడ్డు మీద సాగే సరుకు రవాణాలో పెద్ద వాటా ఒకటి నుంచి ఐదు లారీలున్న చిన్న యజమానులదే. ఆ లారీల్లో ఎక్కువ భాగం వాయిదాల మీద కొన్నవే. ప్రమాదం జరిగి బండి షెడ్డులో పడిందంటే ఆ రోజు నుంచే కిరాయి ఆగిపోతుంది, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. బీమా క్లెయిముల చరిత్రను ఈ ఇబ్బంది వైపు నుంచి చదివితే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. గాయపడినవారికీ, చనిపోయినవారి కుటుంబాలకీ డబ్బు త్వరగా అందాలని చట్టం పదే పదే ఆలోచించింది. అది న్యాయమే. కానీ ఆ లారీయే బతుకుతెరువైన యజమానికి కూడా కాలమే డబ్బని అది ఇంతవరకూ సరిగా గుర్తించలేదు.

1939 మోటారు వాహనాల చట్టంలోని తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా 1946 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. బాధితులు సివిల్ కోర్టుల చుట్టూ తిరిగే అవస్థ తగ్గించడానికి 1956 సవరణ క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లకు దారి వేసింది. అయితే సరుకు లారీ విషయంలో బీమా కంపెనీ బాధ్యతకు ఒక హద్దు ఉండేది. 1960లలో అది 20 వేల రూపాయలు. 1969 సవరణతో 50 వేలు, 1982లో లక్షన్నర అయింది. ఆ పైన పడే మొత్తం ఓనరు నెత్తినే. ఒక లారీ, ఆటోరిక్షాను గుద్దిన కేసులో 1981లో సుప్రీం కోర్టు ఈ హద్దును ప్రతి బాధితుడికీ విడివిడిగా లెక్కించాలని చెప్పింది. 1989 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం మరణం, గాయాల విషయంలో హద్దునే తీసేసింది. బాధితుల కోసం వచ్చిన ఈ మార్పు చిన్న ఓనర్లను కూడా అప్పుల ఊబి నుంచి కాపాడింది. ఇద్దరి మేలూ ఒకే దారిలో నడవగలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

లారీకే జరిగిన నష్టం, అంటే ఓన్ డ్యామేజ్, సంగతి వేరు. దీనికి ట్రిబ్యునల్ లేదు. ఉన్నదల్లా పాలసీ కాగితం, సర్వేయరు రిపోర్టు. బీమా చట్టానికి 1968లో చేసిన సవరణ 20 వేల రూపాయలకు తగ్గని నష్టాలకు లైసెన్సున్న సర్వేయరు అంచనాను తప్పనిసరి చేసింది. 1973 జనవరి 1న జాతీయకరణతో 107 బీమా సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలయ్యాయి గాని పద్ధతి మారలేదు: స్పాట్ సర్వే, షెడ్డువాళ్ల ఎస్టిమేట్, ఫైనల్ సర్వే, బిల్లులు, ఆ పైన కోతలు. 2002 టారిఫ్ ప్రకారం రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు. పదేళ్లు దాటిన బండి ఇనుప భాగాలకూ సగమే. బంపర్లు, హెడ్‌లైట్లు, రంగు కావాలంటే అదనపు ప్రీమియం కట్టి ఉండాలి. వీటన్నిటికన్నా పెద్ద లోటు మరొకటుంది. బండి ఆగిన రోజుల్లో పోయిన కిరాయికి ఆ పాలసీలో చోటే లేదు.

ఈ క్లెయిములను త్వరగా, ఉదారంగా తీర్చాలంటే రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఓనర్లను అంతగా నమ్మితే మోసాలు పెరుగుతాయన్నది మొదటిది. ఓవర్‌లోడు, లైసెన్సులేని డ్రైవర్లు, పెంచి రాసిన బిల్లులు ఉన్నాయన్నది నిజం. కానీ ఏ తప్పు ప్రమాదానికి కారణమో, ఏది కాదో వేరు చేయడం కష్టమేమీ కాదు. డ్రైవరు ఇంజను ఆపకుండా లారీని క్లీనరుకు వదిలి దిగిన స్కాండియా కేసులో, 1987లో, ఓనరు తెలిసి చేయని తప్పును సాకుగా చూపి కంపెనీ తప్పుకోలేదని సుప్రీం కోర్టు తేల్చింది. ఆరుగురికి బదులు తొమ్మిది మంది ఎక్కారని కర్ణాటకకు చెందిన ఒక సరుకు వాహనం క్లెయిమును కంపెనీ తోసిపుచ్చితే, ఆ అదనపు మనుషుల వల్ల ప్రమాదం జరగలేదు కదా అని 1996లో అదే కోర్టు యజమాని పక్షాన నిలిచింది. సర్వేయరు రిపోర్టే తుది మాట కాదని 2009లో చెప్పింది. అంటే న్యాయమైన కొలత మన దగ్గర ఉంది. దాని కోసం సుప్రీం కోర్టు దాకా వెళ్లాల్సి రావడమే అన్యాయం.

లారీల బీమా నష్టాల వ్యాపారమనీ, ఉదారంగా చెల్లిస్తే ప్రీమియంలు పెరుగుతాయనీ రెండో వాదన. వాణిజ్య వాహనాల థర్డ్ పార్టీ బీమాకు 2007లో కంపెనీలన్నీ కలిసి నష్టం పంచుకునే పూల్ పెట్టవలసి వచ్చిందంటే ఆ బరువు నిజమైనదే. కానీ 2007 జనవరి నుంచే ఓన్ డ్యామేజ్ ధరను కంపెనీలకే వదిలేశారు. బండి వయసు, తిరిగే దారి, పాత క్లెయిములు చూసి ధర కట్టే స్వేచ్ఛ దొరికాక, క్లెయిము వచ్చినప్పుడు కాగితం లోపాల వెంట పడటం ఒకే ముప్పుకు రెండుసార్లు వసూలు చేయడమే. లారీ వ్యాపారానిది కాబట్టి ఓనరు వినియోగదారుడే కాడన్న వాదనా వినిపించేది. బీమా లాభం కోసం కాదు, నష్టం పూడ్చడానికేనని 2023లో సుప్రీం కోర్టు హర్సోలియా మోటార్స్ కేసులో వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచి ఉంచింది.

గడువులు లేవని కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ 2002 నిబంధనల్లోనే సర్వే రిపోర్టుకు 30 రోజులు, దాని తర్వాత కంపెనీ నిర్ణయానికి మరో 30 రోజులు పెట్టింది. ఆలస్యమైతే వడ్డీ అంది. ఆ గడువులన్నీ సవ్యంగా పాటించినా రెండు వాయిదాలు మీద పడేవి, వడ్డీ పోయిన కిరాయిని పూడ్చేది కాదు. 1982లో చట్టం, తప్పెవరిదో తేలకముందే మృతుల కుటుంబానికి 15 వేలు ఇమ్మంది. ముందు నిలదొక్కుకోనిచ్చి లెక్క తర్వాత తేల్చుకోవడం మన చట్టానికి తెలిసిన నీతే. స్పాట్ సర్వే అయి, వివాదం లేదని తేలిన భాగాన్ని వెంటనే అడ్వాన్సుగా ఇమ్మనడం ఆ నీతిని రెండో వైపుకూ చాచడమే. ఒక్క లారీ ఓనరుకు పూర్తి పరిహారం ఏడాది తర్వాత అందడం కన్నా అందులో సగం ఈ నెలలో అందడమే మేలు, ఎందుకంటే ఏడాది తర్వాత ఆ లారీ ఫైనాన్షియర్ యార్డులో ఉంటుంది.