డెన్మార్క్ కప్ ఫైనల్, 2020

2019–20 సీజన్ డెన్మార్క్ ఫుట్‌బాల్ కప్ ఫైనల్ 2020 జులై 1న ఎస్బియర్ నగరంలోని బ్లూ వాటర్ అరీనాలో జరిగింది. హడర్స్లేవ్ పట్టణపు జట్టు సోండర్‌యుస్కే 2–0తో ఆల్బోర్ నగరానికి చెందిన ఏఏబీని ఓడించి, తన చరిత్రలోనే మొదటి పెద్ద ట్రోఫీని అందుకుంది. రెండు గోల్సూ ఆండర్స్ కె. యాకబ్సెన్ చేసినవే. అయినా ఈ మ్యాచ్ విదేశీ పత్రికలకెక్కింది ఆ గోల్స్ వల్ల కాదు. అభిమానులు భౌతిక దూరం పాటించకపోవడంతో ఆట మధ్యలో ఆపేయాల్సి వచ్చింది, వార్త అదే అయింది.

డెన్మార్క్ ఫుట్‌బాల్ సంఘం ఈ కప్పును 1954–55లో ప్రారంభించింది. కింది డివిజన్ల క్లబ్బులకూ ఇందులో చోటుంది. ఓడిన జట్టు అక్కడితో ఇంటిదారి పట్టాల్సిందే. తొలి విజేత ఆర్హుస్ నగరానికి చెందిన ఏజీఎఫ్. 2020 నాటికి తొమ్మిది కప్పులతో ముందున్నదీ ఆ క్లబ్బే. ఫైనల్ ఏటా వసంతంలో, తరచూ క్రీస్తు ఆరోహణ పండుగ రోజున, రాజధాని కోపెన్‌హాగన్‌లోని పార్కెన్ స్టేడియంలో జరగడం ఆనవాయితీగా ఉండేది. 2020లో ఈ ఆనవాయితీ తప్పింది. కరోనా వల్ల తేదీ జులైకి జరిగింది. ఫైనలిస్టులు ఇద్దరూ జట్లాండ్ ద్వీపకల్పం వాళ్లే. వేదిక కూడా అక్కడి పశ్చిమ తీరంలోని రేవు పట్టణం ఎస్బియర్‌కు మారింది.

రెండు క్లబ్బుల నేపథ్యాలకు ఏ మాత్రం పోలిక లేదు. ఏఏబీ 1885లో పుట్టింది. జట్లాండ్‌లో రైలు మార్గాలు వేయడానికి వచ్చిన ఇంగ్లండ్ ఇంజనీర్లు క్రికెట్ ఆడుకోవడానికి పెట్టుకున్న క్లబ్బు అది. లీగ్ టైటిల్‌ను 1995, 1999, 2008, 2014లలో, కప్పును 1966, 1970, 2014లలో గెలిచింది. 2014లో రెండూ ఒకే సీజన్‌లో దక్కాయి. ఫైనల్ దాకా వచ్చి చేజార్చుకోవడం కూడా ఈ క్లబ్బుకు కొత్త కాదు. 1999, 2000లలో వరుసగా రెండు ఫైనల్స్‌లో ఓడింది. 2004, 2009లలో ఎఫ్‌సీ కోపెన్‌హాగన్ చేతిలో ఒక్కో గోల్ తేడాతో కప్పు పోగొట్టుకుంది.

సోండర్‌యుస్కే ప్రస్తుత రూపంలో ఏర్పడింది 2004లోనే. హడర్స్లేవ్‌లోని పాత క్లబ్బు పునాదిపై, ఒక ఊరికి కాక మొత్తం దక్షిణ జట్లాండ్‌కు ప్రతినిధిగా దీన్ని నిలబెట్టారు. ఇదే పేరుతో ఐస్ హాకీ, హ్యాండ్‌బాల్ జట్లు కూడా ఉన్నాయి. 1864 యుద్ధంలో ఓడిన డెన్మార్క్ దక్షిణ జట్లాండ్‌ను వదులుకోగా, అది ప్రష్యా ఏలుబడిలోకి వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920లో, ప్రజాభిప్రాయ సేకరణ జరిగాక తిరిగి డెన్మార్క్‌లో కలిసింది. డెన్మార్క్ రాజు పదో క్రిస్టియన్ తెల్లగుర్రంపై పాత సరిహద్దు దాటింది 1920 జులై 10న. ఆ ఘట్టానికి సరిగ్గా నూరేళ్లు నిండబోతుండగా, తొమ్మిది రోజుల ముందు ఈ కప్పు ఆ ప్రాంతానికి చేరింది. కాకతాళీయమే అయినా స్థానికులకు అది చిన్న విషయం కాదు. అంతకు ముందు ఈ క్లబ్బు సాధించిన గొప్ప ఫలితం 2015–16 లీగ్‌లో రెండో స్థానం.

సెమీఫైనల్స్‌లో సోండర్‌యుస్కే ఏసీ హోర్సెన్స్‌ను, ఏఏబీ ఏజీఎఫ్‌ను ఓడించాయి. పదో కప్పు కోసం చూస్తున్న ఏజీఎఫ్ ఆశ అక్కడే ఆవిరైంది. సోండర్‌యుస్కేకు ఫైనల్ చేరడం ఇదే మొదటిసారి. జట్టు కోచ్ గ్లెన్ రిడర్స్‌హోమ్. ఏఏబీ కోచ్ యాకబ్ ఫ్రీస్.

కరోనా వల్ల మార్చిలో నిలిచిపోయిన డెన్మార్క్ లీగ్ మే 28న ఖాళీ స్టేడియంలో మళ్లీ మొదలైంది. ఆ రోజు ఏజీఎఫ్ తన మైదానంలో పెద్ద తెరలు పెట్టి, ఇళ్లలో కూర్చున్న అభిమానుల ముఖాలను జూమ్ ద్వారా చూపించింది. ఆ తర్వాత కొద్దికొద్దిగా ప్రేక్షకులను రానిచ్చారు. ఫైనల్ నాటికి, సుమారు 18,000 మంది పట్టే బ్లూ వాటర్ అరీనాలో కొద్ది భాగానికే అనుమతి దొరికింది. వచ్చినవాళ్లు మధ్యలో సీట్లు ఖాళీగా వదిలి, ఎడంగా కూర్చోవాలన్నది షరతు.

మొదటి అర్ధభాగంలోనే చిక్కు వచ్చింది. ఏఏబీ అభిమానుల్లో ఒక వర్గం తమ గ్యాలరీలో గుంపుగా చేరి, భుజం భుజం కలిపి నిలబడింది. చెప్పినా వినలేదు. నిర్వాహకులు ఆట ఆపించారు. కొందరిని బయటికి పంపించాక గాని బంతి మళ్లీ కదలలేదు. విరామం పధ్నాలుగు నిమిషాలు సాగింది. వర్షానికో, గాయాలకో, గొడవలకో మ్యాచ్‌లు ఆగడం ఫుట్‌బాల్‌లో మామూలే. అభిమానులు మరీ దగ్గరగా నిలబడ్డారని ఒక జాతీయ కప్ ఫైనల్ ఆగడం మాత్రం ఆ ఏడాదికే చెల్లింది. మైదానంలో ఏఏబీ ఆ తర్వాతా కోలుకోలేదు. యాకబ్సెన్ గోల్స్‌కు ఆ జట్టు దగ్గర జవాబు లేకపోయింది.

అప్పట్లో ఈ టోర్నీకి స్పాన్సర్ సిడ్‌బ్యాంక్. సోండర్‌యుస్కే సొంత మైదానానికీ ఆ బ్యాంకు పేరే ఉండేది. దాని ప్రధాన కార్యాలయం ఉండేదీ దక్షిణ జట్లాండ్‌లోనే. స్పాన్సర్ చేతి కప్పు స్పాన్సర్ ఊళ్లకే వెళ్లిందన్నమాట.

కప్పు గెలుపుతో సోండర్‌యుస్కేకు యూరోపా లీగ్ అర్హత పోటీల్లో అవకాశం వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో చెక్ క్లబ్బు విక్టోరియా ప్లజెన్ చేతిలో ఓడి వెనుదిరిగింది. మరుసటి ఏడాది మళ్లీ కప్ ఫైనల్ చేరినా, 2021 మేలో ఆర్హుస్‌లో రాండర్స్ చేతిలో 0–4తో చిత్తయింది. 2022లో ఏకంగా అగ్ర డివిజన్ నుంచే దిగజారి, 2024లో తిరిగి పైకి వచ్చింది. ఏఏబీ 2023లో మరోసారి ఫైనల్ ఆడి ఎఫ్‌సీ కోపెన్‌హాగన్‌కు కప్పు అప్పగించింది. ఆ సీజన్ ముగిసేసరికి అది కూడా రెండో డివిజన్‌కు పడిపోయింది.