చీకటి పడ్డాక పోకూడని చోట్లు

మా చిన్నప్పుడు రాజమండ్రిలో చీకటి పడ్డాక పోకూడని చోట్లు కొన్ని ఉండేవి. ఊరి బయట సారంగధర మెట్ట ఒకటి. గోదావరి వైపు చిత్రాంగి మేడ అని చెప్పుకునే చోటు ఒకటి. మెట్ట మీద రాత్రిళ్ళు కాళ్ళూ చేతులూ లేని మొండెం ఒకటి దొర్లుతూ అరుస్తుందనీ, మేడ దగ్గర ఆడమనిషి ఏడుపు వినిపిస్తుందనీ మాతో ఆడుకునే పిల్లలు చెప్పేవాళ్ళు. వాళ్ళు దయ్యం అన్నదాన్ని మా దాదీమా జిన్ను అనేది. పేరులోనే తేడా. భయం మాత్రం అందరికీ ఒకటే. సంజవేళ ఇంటికి చేరమని కేకలేసే అమ్మలంతా ఒకే గొంతుతో కేకలేసేవాళ్ళు.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా మాస్టారొకరు పాఠం చెబుతూ మూడో చోటు పేరు చెప్పారు. మెయిన్ రోడ్డులోని పెద్ద మసీదు. 'దాని కింద గుడి ఉంది, ఆ రాళ్ళు ఇప్పటికీ ఏడుస్తాయి' అన్నారు. క్లాసంతా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఎందుకు దించుకున్నానో అప్పుడు తెలీదు. మొండెం కథ విన్నప్పుడు నాతో పాటు అందరూ భయపడ్డారు. ఈ కథ విన్నప్పుడు మాత్రం నలభై మంది ఒకవైపు, నేనొక్కణ్ణీ ఒకవైపు. అన్ని దయ్యం కథలూ ఒకటి కావని ఆ రోజు అర్థమైంది. కొన్ని కథల్లో దయ్యం పాత బంగళాలో ఉంటుంది. కొన్నిట్లో పక్క బెంచీ మీద కూర్చుని ఉంటుంది.

ఈ మూడు చోట్ల చరిత్రా తెలుసుకోవాలని పెద్దయ్యాక పుస్తకాలు పట్టుకు తిరిగాను. తెలిసింది చెబుతాను.

ముందు చిత్రాంగి మేడ. కథ అందరికీ తెలిసిందే. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు. ఎగిరిపోయిన పావురం కోసం సవతి తల్లి చిత్రాంగి మేడకి వెళ్ళాడు. ఆమె మోహించింది, అతను కాదన్నాడు, ఆమె రాజుతో చాడీ చెప్పింది. రాజు కొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడు. మెట్ట మీద పడి ఉన్న అతన్ని ఒక సిద్ధుడు బతికించాడు. నాటకాలాడారు, సినిమాలు తీశారు. గురజాడ 1883లో ఇంగ్లీషులో కావ్యమే రాశాడు.

అసలు సంగతి ఏమంటే ఈ కథ మన ఊరిది కాదు. పదిహేనో శతాబ్దంలో గౌరన 'నవనాథ చరిత్ర'లో సారంగధరుడి కథ చెప్పాడు. అక్కడది మాళవ దేశంలో జరుగుతుంది. కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని నాథసిద్ధుడైన చౌరంగి కథ అది. పదిహేడో శతాబ్దం నాటికి, తంజావూరు రఘునాథ నాయకుడి ఆస్థానంలోని చేమకూర వేంకటకవి చేతుల్లో, అది రాజమహేంద్రవరం కథ అయిపోయింది. పదకొండో శతాబ్దపు రాజరాజనరేంద్రుడి శాసనాల్లో సారంగధరుడు లేడు. ఆయన కొడుకు రాజేంద్రుడు. 1070లో కులోత్తుంగ చోళుడనే పేరుతో చోళ సింహాసనం ఎక్కింది అతనే. కాళ్ళూ చేతులూ నిక్షేపంగా ఉన్నవాడు.

ఇదే కథ పంజాబులో పూరన్ భగత్ కథ. అక్కడి సవతి తల్లి పేరు లూణా. సియాల్‌కోట్ దగ్గర పూరన్‌ని పడేశారని చెప్పే బావి ఉంది. పిల్లల్లేని ఆడవాళ్ళు మతంతో పనిలేకుండా ఆ బావి నీళ్ళతో స్నానం చేసేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ కథని పంజాబీలో అందరి నోటా పలికించింది ఖాదర్‌యార్ అనే ముస్లిం కవి. అంటే దేశమంతా తిరిగిన ఒక జోగి కథ, ఎక్కడ మెట్టో బావో కనబడితే అక్కడ దిగి, ఆ ఊరి కథ అయింది. రాజమండ్రిలో దానికొక మేడా మెట్టా దొరికాయి.

జరగని నేరానికి మన ఊళ్ళో ఇల్లు కూడా చూపిస్తున్నామన్న మాట. ఆ నేరం ఎవరి నెత్తిన పెట్టామో కూడా చూడాలి. నరకమన్నది రాజు. నరికింది తలార్లు. రాత్రిళ్ళు ఏడుస్తూ తిరిగే పని మాత్రం ఆడదానిది.

ఇక మసీదు. దీని సంగతి వేరు. ఇది కట్టుకథ కాదు. గుమ్మం మీద పర్షియన్ శాసనం ఉంది. హిజ్రీ 724 రంజాను 20వ తేదీన, అంటే 1324 సెప్టెంబరులో, సాలార్ ఉల్వీ అనేవాడు ఈ మసీదు కట్టాడు. ఢిల్లీలో ఘియాసుద్దీన్ తుగ్లక్ పాలన. అంతకు ముందు ఏడాదే, 1323లో, అతని కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లుని పట్టాడు. ఆ తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయింది ఈ ఉలుగ్ ఖానే. ఇక్కడ ఉన్నది వేణుగోపాలస్వామి గుడి అని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కాదని నేను వాదించను. ఓడిన రాజు నగరంలో గెలిచిన సైన్యం ఏం చేస్తుందో దానికి మినహాయింపు కోరను. కోనసీమలో దొరికిన విలస తామ్రశాసనం, అంటే ప్రోలయ నాయకుడు వెన్నయ అనే బ్రాహ్మణుడికి విలస గ్రామాన్ని దానమిచ్చిన పత్రం, ప్రతాపరుద్రుడి తర్వాత దేశం చీకట్లో మునిగిందని చెబుతుంది. విగ్రహాలు పగిలాయనీ, అగ్రహారాలు పోయాయనీ, ధనవంతుల్ని డబ్బు కోసం హింసించారనీ చెబుతుంది. ప్రభువుని పొగడ్డానికి రాసిన శాసనం కాబట్టి కొంత ఎక్కువ చేసి ఉండొచ్చు. అంతా అబద్ధమని కొట్టిపారెయ్యడం మాత్రం నిజాయితీ కాదు. మన వాళ్ళలో కొందరు ఇక్కడే తప్పు చేస్తున్నారు. జరిగినదాన్ని జరగలేదంటే దయ్యం పోదు. ఇంకా బలిసి కూర్చుంటుంది.

కాని ఒక ప్రశ్న అడగాలి. సాలార్ ఉల్వీకి నేనేమవుతాను? మా ముత్తాత దూది ఏకి బతికినవాడు. ఏకుబద్ద భుజాన వేసుకుని లంక గ్రామాలన్నీ తిరిగాడే గాని, ఢిల్లీ నుంచి గుర్రం మీద దిగలేదు. డెల్టాలోని దూదేకుల వాళ్ళలో, గాజులమ్మే వాళ్ళలో, జట్కా తోలిన వాళ్ళలో, ఎంతమంది ఇళ్ళలో తుగ్లక్ సైన్యం కత్తులున్నాయి? ప్రోలయ ఇచ్చిన అగ్రహారం వెన్నయకి చేరింది. ఆ పొలం దున్నిన మాల మాదిగలకి ఆ శాసనంలో వాటా లేదు. సాలార్ ఉల్వీ శాసనంలో దూదేకుల వాడికీ లేదు. రెండు శాసనాలూ పైవాళ్ళవే. వాళ్ళ గొడవకి మాత్రం ఏడొందల ఏళ్ళ తర్వాత తొమ్మిదో తరగతి పిల్లాడు తల దించుకోవాలి.

మసీదు కట్టిన ఏడాది గుర్తున్న వాళ్ళకి ఆ తర్వాతి వందేళ్ళు గుర్తుండవు. పదిహేనో శతాబ్దంలో ఇదే రాజమండ్రిలో రెడ్డి రాజుల మంత్రి బెండపూడి అన్నయ. శ్రీనాథుడు 'భీమేశ్వర పురాణం' అంకితమిచ్చింది ఆయనకే. ఆయనకి అరబ్బీ, తురుష్క భాషలు వచ్చునని శ్రీనాథుడు గొప్పగా చెప్పాడు. దాక్షారామ భీమేశ్వరుడి మహిమ చెప్పే పుస్తకంలో అరబ్బీ తెలియడం గౌరవమైంది. మసీదు కట్టి అప్పటికి వందేళ్ళు దాటింది. తర్వాత 1570ల్లో గోల్కొండ వాళ్ళొచ్చారు, వంద ఏళ్ళకు పైగా ఏలారు. ఇరవయ్యో శతాబ్దంలో పిఠాపురంలో ఉమర్ అలీషా తెలుగులో పద్యాలూ నాటకాలూ రాశాడు. ఇవేవీ కథలై రాత్రిళ్ళు తిరగవు. 1324 ఒక్కటే తిరుగుతుంది.

ఇప్పుడు నాలుగో చోటికి పోదాం. దీని గురించి ఏ అమ్మా పిల్లల్ని భయపెట్టలేదు. కాకినాడకీ యానానికీ మధ్య కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789 డిసెంబరులో మూడు అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచాయి. ఇరవై వేలమంది పోయారంటారు. 'సైక్లోన్' అనే మాట పుట్టించిన హెన్రీ పిడ్డింగ్టన్ ఈ ఉప్పెన గురించి రాశాడు. మళ్ళీ 1839 నవంబరులో ఇంకో ఉప్పెన. ఈసారి మూడు లక్షలని పుస్తకాల్లో రాస్తారు. లెక్క అంత నమ్మదగ్గది కాకపోవచ్చు. రేవు మాత్రం మళ్ళీ కోలుకోలేదు. ఇవాళ అటు పోతే మడ అడవులు కనిపిస్తాయి. అన్ని వేలమంది చచ్చిన చోట ఒక్క దయ్యం కథ నాకు వినబడలేదు.

ఆ తీరం పొడుగునా ఇలాంటివే. పాలకొల్లులో, దాక్షారామంలో, జగన్నాథపురంలో డచ్చి వాళ్ళ గిడ్డంగులుండేవి. బట్టల వ్యాపారమని బళ్ళో చదువుకున్నాం. పదిహేడో శతాబ్దంలో కరువొచ్చినప్పుడల్లా కోరమాండల్ తీరంలో ఆకలికి అమ్ముడుపోయిన మనుషుల్ని కొని, బటేవియాకీ సింహళానికీ ఓడలెక్కించింది కూడా ఈ డచ్చి కంపెనీయే. ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. 1832-33లో నందన కరువు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొరకి దణ్ణం పెడతాం, పెట్టాల్సిందే. ఆనకట్ట రాకముందు దారుల వెంట పడి చచ్చినవాళ్ళు కథల్లోకి రారు. చచ్చింది కూలి జనం. రాజమండ్రి పాత కోట ఉన్న చోట 1870 నాటికి సెంట్రల్ జైలు వెలిసింది. ఉరికంబం ఎక్కినవాళ్ళకి దయ్యాలయ్యే హోదా కూడా దక్కలేదు.

కోరంగి పేరు ఒక్కచోట మిగిలింది. బర్మాలో. ఆ రేవు నుంచి పోయిన తెలుగు కూలీల్ని అక్కడ కోరంగీలన్నారు. తర్వాత తర్వాత ఏ తెలుగు కూలీ కనబడినా కోరంగీయే. ఆ మాటలో ఎంత చులకన ఉండేదో తిరిగొచ్చిన ముసలివాళ్ళు చెప్పేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి గొడవ మొదలై, కోరంగీలని వెతికి వెతికి చంపారు. అందులో ఎక్కువమంది హిందువులే. 'మా దేశం మీద పడ్డ బయటివాళ్ళు' అన్నది వాళ్ళ మీద మోపిన నేరం. ఇక్కడ మమ్మల్ని అనే మాటా అదే. గోదావరి గట్టున పుట్టి పెరిగిన కూలీ సముద్రం దాటితే బయటివాడయ్యాడు. మేం గడప కూడా దాటకుండానే బయటివాళ్ళమయ్యాం.

ఇంతకీ నాకు తెలిసింది ఇది. మేడ దగ్గర ఏ నేరమూ జరగలేదు, అయినా దయ్యం ఉంది. కోరంగిలో ఊరంతా పోయింది, దయ్యం లేదు. అంటే దయ్యం పుట్టడానికి చావు చాలదు. దాన్ని ఎవరో పెంచి పోషించాలి. ఆ కథ చెప్పుకోవడం వల్ల ఎవరికో లాభం ఉండాలి. చిత్రాంగి కథ ఇంట్లో ఆడవాళ్ళని అదుపులో పెట్టడానికి పనికొచ్చింది. మసీదు కథ మమ్మల్ని అదుపులో పెట్టడానికి పనికొస్తోంది. కరువులో పోయినవాళ్ళ కథ ఎవర్నీ అదుపులో పెట్టదు. పైగా లెక్కలడుగుతుంది. అందుకే దాన్ని ఎవరూ చెప్పరు.

1991లో పార్లమెంటు చట్టం చేసింది. 1947 ఆగస్టు 15న ఏ ప్రార్థనా స్థలం ఏ మతానిదిగా ఉంటే అలాగే ఉండాలంది. అయోధ్యని ఆ చట్టం నుంచి మినహాయించారు. 1992 డిసెంబరు 6న ఏం జరిగిందో చూశాం. ఆ తర్వాత కూడా ఊరూరా మసీదుల కింద తవ్వి చూడాలన్న మాట ఆగలేదు. తవ్వితే రాళ్ళు దొరుకుతాయి. బౌద్ధుల స్తూపాల మీద ఏం లేచాయో తవ్వినా రాళ్ళే దొరుకుతాయి. ఎంతవరకు తవ్వాలో, ఎక్కడ ఆపాలో చెప్పే హక్కు ఎవరిది? చరిత్ర కావాలంటే అందరి చరిత్రా తవ్వుదాం. కోరంగితో మొదలుపెడదాం. నేనూ పలుగు పట్టుకుని వస్తాను.

చివరగా ఒక్క మాట. రాళ్ళు ఏడుస్తాయని మా మాస్టారు చెప్పిన రోజు సాయంత్రం నేను మసీదుకి పోయాను. ఏడుపు వినబడుతుందేమోనని గోడకి చెవి ఆన్చి విన్నాను కూడా. మగ్రిబ్ నమాజు అయింది. గుమ్మం బయట అయిదారుగురు తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. నుదుట బొట్టు, కొంగు తల మీదకి లాక్కుని. పిల్లలు దడుసుకున్నారట, పాలు తాగడం లేదట, గాలి సోకిందట. నమాజు చేసి బయటికొచ్చే ఒక్కో ముసలాయన ఒక్కో పిల్ల మొహం మీద చదివి ఊదుతున్నాడు. ఒకామె చెంబులో నీళ్ళు కూడా ఊదించుకుంది. వాళ్ళలో ఒకామె మా వీధిలో ఉండే ఆవిడే. మా మాస్టారి ఇంట్లో పనిచేసేది. నన్ను చూసి, 'ఏం బాబూ, నువ్వూ దడుసుకున్నావా?' అంది.

అవునన్నాను. మా తాతలాంటి ఒకాయన నవ్వి, నా మొహం మీద కూడా ఊదాడు.